పదకొండున్నరకు ఆగిన చేతులు

పోయిన వారం మనం ఉత్తరాలమ్మను కీబోర్డు మీద చేతులు ఆగిపోయి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ఆమెను అక్కడినుంచి లేపుదాం.

ఆమె ఒక టీవీ ఛానెల్లో ప్రేక్షకుల అభిప్రాయాలు చదివి జవాబులు రాసే ఉద్యోగి. ఉత్తరాల కాలం పోయి, వెబ్‌సైటులో నక్షత్రాలు పెట్టి రెండు ముక్కలు కొట్టి పంపే కాలం వచ్చింది. అయినా ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆఫీసులో వాళ్ళ పేరు ఉత్తరాలమ్మే. ఆ ఛానెల్లో ఆదివారం ఆదివారం ‘గోడ లోపల’ అనే డాక్యుమెంటరీ సీరీస్ వస్తోంది. ఎత్తైన గోడ కట్టుకుని, పెద్దాయన అనే గురువు కూర్చోమంటే కూర్చుని లేవమంటే లేచే ‘ఆవరణ’ వాళ్ళ కథ అది. ఐదు భాగాల్లో మూడు వచ్చాయి. మూడోది వచ్చిన గంట నుంచి ఒక్క నక్షత్రం అభిప్రాయాలు కుప్పలు తెప్పలుగా పడుతున్నాయి. అంతా అబద్ధం, ఆపేయండి అని నాలుగు రోజుల్లో తొమ్మిది వేలు. ఆపాలో వద్దో గురువారం మధ్యాహ్నం లోపు ఎండీగారు తేల్చాలి.

ఉత్తరాలమ్మ పదకొండేళ్ళు ఆ గోడ లోపలే బతికిందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. తను చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్ళిన చెల్లెలు ఇంకా అక్కడే ఉందన్న సంగతి అసలే తెలియదు.

ఇక ఆ చేతుల సంగతి. ఆవరణలో రోజుకు మూడుసార్లు మౌనం గంట కొడతారు. ఉదయం ఏడింటికి, పదకొండున్నరకు, సాయంత్రం ఐదింటికి. గంట వినబడగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, అరచేతులు పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకోవాలి. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో ఎవరైనా నోరు తెరిస్తే, తర్వాత నలభై రోజులు వాళ్ళతో ఎవరూ మాట్లాడరు. కన్నతల్లి అయినా మాట్లాడదు. ఉత్తరాలమ్మ ఒకసారి దగ్గు ఆపుకోలేక ఆ నలభై రోజులూ చూసింది. బయటికి వచ్చి ఆరేళ్ళయినా ఆ వేళకు చేతులు వాటంతట అవే తిరగబడతాయి. ఆ సిగ్గు ఎవరికీ కనబడకూడదని రోజూ పదకొండూ ఇరవై ఎనిమిదికి మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోతుంది.

బుధవారం వెళ్ళలేకపోయింది. పని తెమలలేదు. చేతులు ఆగాయి. కళ్ళు మూతపడబోతూ ఒక్కసారి తెర మీద పడ్డాయి. తెర కూడా ఆగి ఉంది. నిమిషానికి మూడు నాలుగు చొప్పున పడుతున్న ఒక్క నక్షత్రం అభిప్రాయాలు, ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి. పన్నెండు నిమిషాల తర్వాత మళ్ళీ మొదలయ్యాయి.

ఆమె లేచి తిన్నగా వైర్ల బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. ఛానెల్లో కంప్యూటర్లు, కేబుళ్ళు చూసే పెద్దమనిషి ఆయన. చేతిలో విద్య ఉంది, మనసులో కల్మషం లేదు, నోటికి మాత్రం తాళం లేదు. తెర మీద ఏ అక్షరం కనబడినా పైకి చదివితే తప్ప ఆయనకు అర్థం కాదు. లిఫ్టులో ‘ఎనిమిది మంది మాత్రమే’ అన్న బోర్డును కూడా రోజూ పైకి చదువుతాడు. ఆఫీసులో అందరికీ అలవాటైపోయింది.

నాలుగు రోజుల అభిప్రాయాలను నిమిషాల లెక్కన గీత గీయించి చూస్తే అది పళ్ళూడిన దువ్వెనలా వచ్చింది. రోజుకు మూడు చోట్ల ఖాళీ, ఒక్కోటీ పన్నెండు నిమిషాలు.

“ఏమిటమ్మా ఇది? తొమ్మిది వేల మంది ఒకేసారి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నారా?” అన్నాడు బాబాయ్.

“తొమ్మిది వేల మంది కాదు బాబాయ్. ఒక్క హాల్లో కూర్చున్న నలభై యాభై మంది.”

“నువ్వన్నావని ఎండీగారు నమ్మరు కదా. ఇవి ఒక్కోటీ ఒక్కో ఊరి నుంచి వచ్చినట్టు కనబడుతున్నాయి. ఎక్కడివో పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఇక ఈ గీత అంటావా, మీ సర్వర్ పాడైందని ఆవరణ వాళ్ళు ఒక్క ముక్క అంటారు, అయిపోతుంది.”

“మరి రేపు మీటింగులో వాళ్ళ ఎదురుగా, ఎండీగారు చూస్తుండగా ఆగితే?”

బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమె వంక చూశాడు. నీకిదంతా ఎలా తెలుసు అని అడగలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన నోరు అదుపులో ఉన్నందుకు ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

గురువారం పదకొండింటికి మీటింగ్. గదిలో పొడవాటి బల్ల, గోడకు పెద్ద తెర, దాని పక్కన కంప్యూటర్ ముందు వైర్ల బాబాయ్. తెర మీద అభిప్రాయాలు వచ్చినవి వచ్చినట్టు కిందికి జారుతున్నాయి. బల్ల ఆ చివర ఎండీగారు. ఎవరినీ నొప్పించకుండా పాతికేళ్ళు ఉద్యోగం చేసుకొచ్చిన మనిషి, అందుకే వెనకాల అందరూ గోడ మీద పిల్లి అంటారు. ఆయన పక్కన సీరీస్ తీసిన దర్శకురాలు, రెండేళ్ళ కష్టం మట్టిలో కలిసిపోతుందేమోనని పెన్ను మూత కొరుకుతూ ఉంది. వాళ్ళకు ఎదురుగా ఆవరణ ప్రతినిధి, ఆయనకు చెరోపక్క ఒక మగ, ఒక ఆడ అనుచరులు. ముగ్గురివీ మడత నలగని తెల్లబట్టలు. ఆ మడతలను ఉత్తరాలమ్మ చూడగానే గుర్తుపట్టింది. ఆవరణ ఇస్త్రీ గదిలోనే ఆమె పదకొండేళ్ళు నిలబడింది.

ప్రతినిధిని లోపల పెద్దన్న అంటారు. ఎవరికి నలభై రోజులు వెయ్యాలో ప్రకటించే గొంతు ఆయనదే. ఎంత మెత్తటి గొంతంటే, శిక్ష విన్నవాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆయన ఈమెను గుర్తుపట్టలేదు. లోపల ఆడవాళ్ళందరి తలలకూ తెల్లగుడ్డ ఉంటుంది, ఎవరి ముఖమూ ఎవరికీ పెద్దగా గుర్తుండదు.

“మేం బెదిరించడానికి రాలేదండి,” అన్నాడు ఆయన, బైండు చేసిన లావుపాటి పుస్తకాన్ని బల్ల మీదికి జరుపుతూ. “ఇవి మా మాటలు కావు, మీ ప్రేక్షకుల మాటలు. తొమ్మిది వేల మంది వద్దంటున్నారు. ప్రేక్షకుణ్ణి మించిన పెద్దవాళ్ళు మీకెవరున్నారు చెప్పండి.”

ఎండీగారు పుస్తకం తెరిచి, మూసి, ఉత్తరాలమ్మ వైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వు రోజూ చదువుతావు కదా. ప్రేక్షకులు నిజంగా ఏమంటున్నారు?”

గోడ గడియారంలో పదకొండూ పద్నాలుగు. అంటే ఇంకా పదహారు నిమిషాలు నెట్టుకురావాలి. ఆమె తన కట్ట విప్పి, చిన్నపిల్లలకు పాఠం చెప్పినంత నిదానంగా మొదలుపెట్టింది.

“ఒకావిడ రాశారు సార్. ‘మూడో భాగం బాగుంది కానీ వ్యాఖ్యానం చెప్పినాయనకు జలుబు చేసినట్టుంది, తగ్గాక చెప్పించాల్సింది.’ ఇంకొకావిడ, ‘మా ఆయన మధ్యలో నిద్రపోయారు. మర్నాడు లేపి కూర్చోబెట్టి మొదటినుంచి చూపించాను.’ ఒకాయన, ‘ఆ గురువుగారి చెప్పులు భలే ఉన్నాయి, ఎక్కడ దొరుకుతాయి?’ మరొకాయన, ‘నాకు నచ్చలేదు, అన్నీ ఏడుపులే, రెండు నక్షత్రాలు. అయినా వచ్చే ఆదివారం చూస్తాను.’”

దర్శకురాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండీగారు మాత్రం పెదవి బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు.

“ఇది ఇంకొకటి సార్. ‘మా తమ్ముడు ఇలాంటి చోటే ఉన్నాడు. నాలుగో భాగంలో బయటికి వచ్చే దారి ఏమైనా చూపిస్తారా? దయచేసి ఆపకండి.’” ఆ మాట దగ్గర ఆమె గ్లాసు అందుకుంది. నీళ్ళు తాగింది. నీళ్ళు తాగడానికి కూడా ఒక నిమిషం పట్టించింది. “మన ప్రేక్షకులు ఇలా ఉంటారు సార్. మనం కష్టపడి కథ చెప్తే వాళ్ళు చెప్పులు చూస్తారు. తిడతారు, మళ్ళీ చూస్తారు. ఈ పుస్తకంలో ఉన్న తొమ్మిది వేల మందిలో చెప్పులు చూసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. జలుబు ఒక్కరికీ వినబడలేదు. అసలు వీళ్ళు సీరీస్ చూశారా అని నా అనుమానం.”

“అనుమానాలతో ఛానెల్ నడపలేం కదమ్మా,” అన్నాడు ప్రతినిధి, ఇంకా మెత్తగా. అంటూనే చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై ఏడు. కుర్చీ వెనక్కి జరిపి ఇద్దరికీ కళ్ళతోనే సైగ చేశాడు. “మీరు మాట్లాడుకోండి సార్. మేం పక్క గదిలో కాసేపు కూర్చుని వస్తాం.”

ఇది ఉత్తరాలమ్మ అనుకోలేదు. రాత్రంతా అన్నీ ఆలోచించుకుంది గానీ వాళ్ళు లేచి వెళ్ళిపోతారన్న సంగతే ఆమెకు తట్టలేదు. వాళ్ళు తలుపు దాటితే అంతా అయిపోయినట్టే. ఆపడానికి ఆమె చేతిలో ఒక్కటే ఉంది, ఆరేళ్ళుగా దాచుకున్నది. దాన్ని బయటపెడితే రేపటినుంచి ఆఫీసులో ఆమె ఉత్తరాలమ్మ కాదు, ఆ గోడ లోపలి మనిషి. జాలిపడేవాళ్ళు జాలిపడతారు, భయపడేవాళ్ళు దూరం జరుగుతారు.

“పెద్దన్నా,” అంది.

ప్రతినిధి ఆగిపోయాడు. ఆ పిలుపు గోడ దాటి బయట వినబడేది కాదు. అనుచరులిద్దరూ కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు.

“నన్ను గుర్తుపట్టలేదా? ఇస్త్రీ గది, కిటికీ పక్క బల్ల. దగ్గినందుకు నలభై రోజులు వేశారు. ఆ నలభై రోజులూ మా చెల్లెలు నా ముందు నుంచే నడిచి వెళ్ళేది, తల ఎత్తేది కాదు. కూర్చో పెద్దన్నా. లెక్కలు తేల్చుకుందాం.”

దర్శకురాలి చేతిలో పెన్ను మూత కింద పడి దొర్లింది. ప్రతినిధి నోరు తెరిచి ఏదో అనబోయి, ఎండీగారి ముఖం చూసి, వెళ్ళిపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కూర్చున్నాడు. ఆయన తడబడగా ఉత్తరాలమ్మ చూడటం అదే మొదటిసారి.

“ఈవిడ ఎవరో నాకు...” అని మొదలుపెట్టాడు.

గడియారం ముల్లు పదకొండున్నర మీదికి వచ్చింది.

ముందుగా అనుచరురాలి చేతులు కదిలాయి. ఎవరూ చెప్పకుండానే అరచేతులు పైకి తిరిగి ఒళ్ళోకి వెళ్ళాయి, రెప్పలు వాలాయి. వెంటనే రెండో అతనివి. ప్రతినిధి అటు చూశాడు, ఇటు చూశాడు. మాట్లాడితే సాయంత్రానికల్లా ఆ ఇద్దరూ పెద్దాయనకు చెప్పేస్తారు, ఇన్నేళ్ళు తను వేసిన నలభై రోజులు తన నెత్తినే పడతాయి. మాట్లాడకపోతే ఎదుటివాళ్ళకు దొరికిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క క్షణం తటపటాయించి ఆయన కూడా అరచేతులు తిప్పి కళ్ళు మూసుకున్నాడు.

“ఏమైంది వీళ్ళకి? డాక్టర్ని పిలవాలా?” అన్నాడు ఎండీగారు కంగారుగా.

“వీళ్ళకేం కాలేదు సార్. తెర చూడండి.”

తెర మీద ధార ఆగింది. పదకొండూ ఇరవై తొమ్మిదికి నాలుగు, పదకొండున్నరకు సున్నా. ఆ తర్వాతి నిమిషానికీ సున్నా. మధ్యలో టింగుమని ఒక్కటి రాలింది. బాబాయ్ అలవాటుగా పైకి చదివాడు: “‘మూడో భాగంలో కనిపించిన ఆ హాలు నేల పలకలు ఏ రంగువో చెప్పగలరా? మా ఇంటికి వేయిద్దామనుకుంటున్నాం.’ నాలుగు నక్షత్రాలు.”

“అది నిజం ప్రేక్షకుడు సార్,” అంది ఉత్తరాలమ్మ.

ఆమె చేతులు బల్ల కింద తిరగబడటం మొదలుపెట్టాయి. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. వాటిని పైకి తీసి, అరచేతులు బల్లకు ఆనించి గట్టిగా నొక్కింది. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన ముక్కోణపు మచ్చ వెలుగులోకి వచ్చింది. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ పన్నెండు నిమిషాల్లో ఆమె నోరు తెరిచి మాట్లాడింది. ముందు మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. నాలుగో వాక్యానికి ధారగా వచ్చాయి. గంట గురించి చెప్పింది, అభిప్రాయాలు రాయించే హాలు గురించి చెప్పింది, ఆ హాల్లో తనూ ఒకప్పుడు పత్రికలకు దొంగపేర్లతో ఉత్తరాలు రాశానని కూడా చెప్పింది. అందుకే ఈ ఉద్యోగంలో చేరానంది. దొంగ ఉత్తరం ఎలా ఉంటుందో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదంది. ఎదురుగా ముగ్గురు ఒక్క మాటకు కూడా జవాబు చెప్పలేక చేతులు చాచి కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళు ఆయన మాట్లాడాడు, ఆమె నోరు మూసుకుంది. ఇవాళ లెక్క తిరగబడింది. ఆమెకు ఎంత ఆనందం కలిగిందంటే, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఎండీగారు తొమ్మిది వేల పుస్తకాన్ని ఒక వేలితో పక్కకు నెట్టాడు.

“ఆదివారం నాలుగో భాగం వస్తుంది,” అన్నాడు. “ఆ పై ఆదివారం ఐదోది. ఇక దీని మీద మీటింగులు లేవు.”

గోడ దిగిన పిల్లిని దర్శకురాలు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఉత్తరాలమ్మ భుజం గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు, పదకొండూ ముప్పై ఆరుకు, టింగుమంది.

బాబాయ్ చదివాడు. “పేరు, చిన్నది. ఐదు నక్షత్రాలు. ‘ఇవన్నీ రాస్తున్నది మేమే. ఇప్పుడు అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు, నేను...’”

ఉత్తరాలమ్మ రెండు అంగల్లో వెళ్ళి ఆయన నోరు మూసింది. ఆలస్యమైంది. కళ్ళు మూసుకున్నవాళ్ళకు చెవులు మూసుకుని ఉండవు. ప్రతినిధి రెప్పలు టపటపమన్నాయి, వేళ్ళు ముడుచుకున్నాయి. కానీ అరచేతులు కదల్లేదు, కళ్ళు తెరుచుకోలేదు. ఆ గంట ఆమెను ఎంత గట్టిగా కట్టేసిందో, ఆయన్నీ అంతే గట్టిగా కట్టేసింది.

చిన్నది. వాళ్ళింట్లో చెల్లెల్ని అలాగే పిలిచేవాళ్ళు.

మిగతాది నలుగురూ చప్పుడు చేయకుండా చదువుకున్నారు. బాబాయ్ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

‘...నేను మూయలేదు. మీ కార్యక్రమం మాకెవరూ చూపించలేదు, ఏం రాయాలో కాగితం ఇచ్చారు. రేపు మమ్మల్ని ఇక్కడినుంచి వేరేచోటికి పంపేస్తున్నారు, ఎక్కడికో చెప్పలేదు. బయట మా అక్క ఉంది. ఎడమ చేతి మీద ఇస్త్రీ పెట్టె మచ్చ ఉంటుంది. ఆమె ఎక్కడున్నా మీ కార్యక్రమం చూస్తూనే ఉంటుంది. దొరికితే చెప్పండి. ఆ రోజు బట్టల బండి దగ్గర నేను చెయ్యి వదిలేసింది కోపంతో కాదు, భయంతో.’

ఇస్త్రీ బట్టలతో రోజూ ఒంటిగంటకు గోడ దాటే బండిలో ఆమె దాక్కుని బయటపడిన రోజు, చెల్లెలు చివరి క్షణంలో చెయ్యి విడిపించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు ఆమె అది కోపమే అనుకుంది. నన్ను ఇక్కడికి తెచ్చి, నువ్వు మాత్రం పోతావా అన్న కోపం. ఆ బరువు ఒక్క వాక్యంతో జారిపోయింది. ఏడుపు వచ్చింది గానీ ఏడవడానికి వేళ లేదు. ఆరు నిమిషాల్లో హాల్లో అందరూ కళ్ళు తెరుస్తారు, వాళ్ళ ముందున్న తెరల మీద ఈ ముక్క కనబడుతుంది.

కీబోర్డు ముందుకు లాక్కుని, కింద ‘ఛానెల్ జవాబు’ గడిలో కొట్టింది. రోజుకు రెండు వందల సార్లు రాసే వాక్యంతోనే మొదలుపెట్టింది: ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మచ్చ ఇంకా ఉంది. బట్టల బండి ఇవాళ కూడా ఒంటిగంటకే. ఈసారి చెయ్యి నేను వదలను.’

తర్వాత కాగితం మీద ‘41 కాగానే రెండూ తీసేయండి’ అని రాసి బాబాయ్ ముందు పెట్టింది. ఆయన పైకి చదవలేదు. ఆయన ఉద్యోగ జీవితంలో అది మొదటిసారి.

పదకొండూ నలభై ఒకటికి తెర ఖాళీ అయింది. నలభై రెండుకు ప్రతినిధి కళ్ళు తెరిచాడు.

“నా ఫోన్ ఎక్కడుంది?” అన్నాడు. మెత్తదనం ఎటో పోయింది.

“రిసెప్షన్‌లో పెట్టారు కదండీ, మా రూలు,” అన్నాడు ఎండీగారు, ఎన్నడూ లేనంత తీరుబడిగా. “ఇచ్చేముందు ఒక ఫారం నింపాలి. మూడు కాపీలు. మా వాళ్ళు కాస్త నెమ్మది. ఈలోగా టీ తాగండి, మీరు ముగ్గురూ ఇంతసేపూ ఏమీ ముట్టుకోలేదు.” అంటూ బల్ల కింద నుంచి తన కారు తాళాలు దర్శకురాలి చేతిలో పెట్టాడు.

ఆవరణకు కారులో గంట దారి. ఒంటిగంటకు డెబ్బై ఎనిమిది నిమిషాలుంది. లిఫ్టు కోసం ఆగకుండా ఇద్దరు ఆడవాళ్ళూ మెట్ల మీదుగా పరుగెత్తారు. రెండో అంతస్తు మలుపులో ఉత్తరాలమ్మ చేతిలో ఫోను టింగుమంది. ఆగి చూసింది.

ఒక్క నక్షత్రం అభిప్రాయాలు మళ్ళీ మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, వరసగా అబద్ధం, అబద్ధం, ఆపేయండి. వాటి మధ్యలో ఒక్కటి వేరేగా ఉంది. పేరు గడిలో ‘చిన్నది’. ఐదు నక్షత్రాలు. కింద ఒక్క అక్షరం కూడా లేదు.